జయనగర్‌లోని ఒక బరువు నియంత్రణ క్లినిక్: గుండె జబ్బు, షుగరు రెండూ ఉన్నవారికి ఎంతవరకు పనికొస్తుంది?

బెంగళూరులో బరువు తగ్గిస్తామనే కేంద్రాలకు కొదవ లేదు గానీ, స్టెంటు వేయించుకుని, ఏళ్ల తరబడి షుగరు మందులు వాడుతూ, గుండె పంపింగు కొంత తగ్గిన మా నాన్నగారి వంటి వారిని చేర్చుకోవడానికి చాలామంది వెనకాడుతారు. జయనగర్‌లోని ఈ క్లినిక్‌లో ఆయనను మూడు నెలల ప్యాకేజీలో చేర్పించాం. ఇక్కడి డాక్టరు, డైటీషియను, మొబైల్ యాప్ ఒకే స్థాయిలో లేనందువల్ల ఒక్కొక్కదాని గురించీ విడిగా చెప్పవలసి వస్తోంది.

డాక్టరు గారి విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు. బరువు చూడకముందే మందుల సంచీ బల్ల మీద కుమ్మరించమని, ఒక్కొక్క స్ట్రిప్పునూ వెనక్కి తిప్పి పేరు చదివారు. షుగరును తగ్గించే గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకుంటూ అన్నం ఒక్కసారిగా తగ్గిస్తే షుగరు ప్రమాదకరంగా పడిపోవచ్చునని, కాబట్టి తిండికన్నా ముందు ఆ మాత్ర మోతాదు తగ్గాలని చెప్పి, అప్పటికప్పుడే తగ్గించి రాశారు. గుండె వేగాన్ని తగ్గించే మెటోప్రొలాల్ కూడా వాడుతున్నందువల్ల షుగరు పడిపోయినా గుండెదడ తెలియకపోవచ్చునని, చెమటలు పడితే మాత్రం వెంటనే గ్లూకోమీటరుతో చూసుకోవాలని నాన్నగారికి అర్థమయ్యేదాకా వివరించారు. ఈ రెండు ముక్కలూ చెప్పకుండానే డైట్ చార్టు చేతిలో పెట్టి పంపే చోట్లు ఈ నగరంలో ఉన్నాయి. ఒంట్లో కొవ్వును కొలిచే యంత్రం ఎక్కించేముందు పేస్‌మేకరు ఉందా అని సిబ్బంది అడగడం కూడా నాకు నచ్చింది. స్వల్పంగా విద్యుత్తు పంపి కొలిచే ఆ యంత్రం పేస్‌మేకరు ఉన్నవారికి తగదు.

బరువు తగ్గించే ఇంజెక్షన్ల ప్రస్తావన మేమే తెచ్చాం. వాటిలో ఒకటైన సెమాగ్లూటైడ్ మీద 17,604 మందితో జరిగి 2023లో వెలువడిన సెలెక్ట్ అధ్యయనంలో గుండెపోటు, పక్షవాతం, గుండె సంబంధమైన మరణాల ముప్పు కలిపి 20 శాతం తగ్గిన మాట నిజమేనని, కాని అందులో చేరినవారికి గుండె జబ్బు, అధిక బరువు ఉన్నా షుగరు వ్యాధి లేదని, ఆ అంకెను నాన్నగారికి యథాతథంగా అన్వయించలేమని డాక్టరు గారు చెప్పారు. షుగరు వేగంగా దిగివచ్చినప్పుడు అప్పటికే దెబ్బతిన్న రెటీనా (కంటి లోపలి పొర) పరిస్థితి ముదిరే అవకాశం ఉంది కనుక ముందు కంటి పరీక్ష చేయించుకుని రమ్మన్నారు. అమ్మాలన్న తొందర ఎక్కడా కనిపించలేదు.

డైటీషియను ఇచ్చిన మొదటి చార్టు నిండా ఓట్సు, కినోవాలే. మా అభ్యంతరం విని కొర్రన్నం, ముద్దపప్పు, సగం కంచం కూరతో మార్చి ఇచ్చారు. అది బాగానే సాగింది. అయితే రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు అని రాసిన ఆ కాగితంలో ఆవకాయ, కందిపొడి, అప్పడాల ఊసే లేదు. ఆంధ్రా ఇంట్లో ఉప్పు ఎక్కువగా వచ్చేదే అక్కడినుంచి.

ఇక యాప్ మాత్రం మార్చవలసిందే. శుక్రవారం నుంచి సోమవారానికి నాన్నగారి బరువు రెండు కిలోలు పెరిగితే, "ఈ వారం నియమం తప్పారు, అన్నం తగ్గించండి" అని సందేశం వచ్చింది. ఫోను చేస్తే ఎత్తినవారూ అదే పాఠం అప్పగించారు. గుండె బలహీనంగా ఉన్నవారికి రెండు మూడు రోజుల్లో అంత బరువు పెరిగితే అది కొవ్వు కాదు, ఒంట్లో నిలిచిన నీరు కావచ్చునని, వెంటనే డాక్టరుకు చెప్పాలని ఇలాంటి సేవలో పనిచేసే ప్రతివారికీ తెలిసి ఉండాలి. పాదాల మీద వేలితో నొక్కితే గుంట పడుతుండటం చూసి మేము నేరుగా కార్డియాలజిస్టు దగ్గరికి వెళ్లాం. ఒంట్లో నీటిని మూత్రంగా బయటికి పంపే మాత్ర మోతాదు పెంచాక వాపు, బరువు రెండూ దిగాయి. ప్యాకేజీ డబ్బులో అధిక భాగం ఈ యాప్ పేరుతోనే వసూలు చేస్తున్నారన్నది నా ప్రధానమైన ఫిర్యాదు.

షుగరు మాత్రమే ఉన్నవారు నిశ్చింతగా చేరవచ్చు. గుండె పంపింగు తగ్గినవారు డాక్టరు సంప్రదింపుల వరకే విడిగా డబ్బు కట్టే వీలుందేమో అడగండి. ఆ ఏర్పాటు ఉంది గాని రిసెప్షన్‌లో తమంతట తాము చెప్పరు. తెలుగు మాట్లాడే డైటీషియను బుధ, శనివారాల్లోనే ఉంటారు. వంట చేసేవారిని కూడా వెంట తీసుకువెళ్తే, పచ్చళ్ల సంగతి ఆమె అడగకపోయినా వారే చెప్పగలరు.