కడప బండల ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై స్ట్రీమర్: కొనొచ్చా, వద్దా?

రాస్ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ అనే బుల్లి కంప్యూటర్ బోర్డు, దాని నెత్తిన కూర్చునే చిన్న డాక్ బోర్డు (డిజిటల్ పాటను ఆంప్లిఫయర్‌కి పనికొచ్చే సిగ్నల్‌గా మార్చేది), ఒక మెమరీ కార్డు, ఒక అడాప్టరు. ఇవన్నీ కలిస్తే నెట్ నుంచి పాట లాక్కుని ఆంప్లిఫయర్‌కి ఇచ్చే స్ట్రీమర్ డబ్బా. అంతా కలిపి నాకు అయిదు వేల లోపే అయింది. ఏడాది పైగా మా హాల్లో పాటలన్నీ దీని మీదే నడుస్తున్నాయి కాబట్టి ధైర్యంగా చెప్తున్నా: ఫోను నుంచి ఆంప్లిఫయర్‌కి బ్లూటూత్‌లో పాటలు పంపుకునేవాళ్లు కళ్లు మూసుకుని దీనికి మారిపోవచ్చు. ఇప్పటికే ఓ మాదిరి మంచి డాక్ ఉన్నవాళ్లకు మాత్రం దీంతో ఒరిగేదేం లేదు, ఆ డబ్బులు కర్టెన్లకు పెట్టుకోండి. వెటకారం కాదు, కర్టెన్ల దగ్గరికి కూడా వస్తా.

ముందు ఇది చేసే పని. స్పాటిఫై కనెక్ట్ పెట్టుకుంటే (ప్రీమియం ఉండాలి) ఫోను ఉత్త రిమోట్ అయిపోతుంది, పాటను ఈ డబ్బానే నేరుగా నెట్ నుంచి లాక్కుంటుంది, మధ్యలో ఎవరైనా ఫోన్ చేసినా, వాట్సాప్ టింగుమన్నా, ఫోను పట్టుకుని మిద్దె మీదికి పోయినా పాట ఆగదు. అదే బ్లూటూత్‌లో అయితే, యాప్ వాళ్లు ఒకసారి కుదించి పంపిన పాటను ఫోను విప్పి, ఎస్‌బీసీ అనే బ్లూటూత్ కుదింపు పద్ధతిలోకి ఇంకోసారి కుదించి పంపుతుంది. ఎస్‌బీసీ మామూలుగా 328 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు) దాటదు. సీడీ లెక్క 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్, అంటే రెండు చానళ్లూ కలిపి 1411 కేబీపీఎస్. అంకెల తేడా అంతుంది కదా అని చెవికి కూడా అంత తేడా తెలుస్తుందనుకోవద్దు, తెలిసేది కొన్ని చోట్లే. మన పాటల్లో అయితే గజ్జెలు, తాళాలు, కంజీర. బ్లూటూత్‌లో గజ్జెలు ఇసుక పోసినట్టు వినపడేవి, ఇప్పుడు మువ్వ మువ్వ విడిగా తెలుస్తోంది.

పాత రాస్ప్‌బెర్రీల్లో 3.5 ఎంఎం జాక్ ఉంటుంది, ఆంప్లిఫయర్‌కి దాన్నే పెట్టుకోవచ్చు కదా అంటారు. పెట్టొచ్చు, కానీ ఆ జాక్ వెనక అసలైన డాక్ చిప్ లేదు, పీడబ్ల్యూఎం అనే పద్ధతిలో ఏదో పని జరిగేలా చేశారంతే, వార్తలు వినడానికి సరిపోతుంది. రాస్ప్‌బెర్రీ పై 5లో అయితే ఆ జాక్ కూడా తీసేశారు. అందుకే విడిగా బోర్డు కావాలి. నేను తీసుకున్న దాంట్లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ల పీసీఎం5122 చిప్ ఉంది, 24 బిట్ 192 కిలోహెర్ట్జ్ దాకా తీసుకుంటుంది, 2 వోల్టుల పైచిలుకు సిగ్నల్ ఇస్తుంది. ఏ ఆంప్లిఫయర్‌లోనైనా ఆక్స్‌కి (బయటి డబ్బాలు తగిలించే ఇన్‌పుట్‌కి) అది బ్రహ్మాండంగా చాలు. సాఫ్ట్‌వేర్ మూడ్ ఆడియో, ఉచితం. కార్డులోకి ఎక్కించి, ఫోను బ్రౌజర్‌లో తెరిచి, లిస్టులో మన బోర్డు ఎంచుకుని రీస్టార్ట్ చేస్తే అయిపోయింది. కంప్యూటర్ చదువు అక్కర్లేదు, ఇంగ్లీషు మెనూలు చదివే ఓపిక ఉంటే చాలు.

చిక్కు వచ్చేది ఇంకో చోట. జీరో 2 డబ్ల్యూ మామూలుగా పిన్నులు లేకుండా ఉత్త రంధ్రాలతో వస్తుంది, డాక్ బోర్డు కూర్చోవాలంటే 40 పిన్నుల హెడర్ సోల్డర్ చేయాలి. నాకు చేతకాదు, ఏడు రోడ్ల దగ్గర ఆంప్లిఫయర్లు కట్టే అన్న దగ్గరికి పట్టుకెళ్లా. ఇప్పటికీ వినాయకచవితి పందిళ్లకు, పెళ్లిళ్లకు ఆయన దగ్గరే బోర్డులు రిపేర్ చేయించుకుంటారు. ఆయన ఆ బుల్లి బోర్డును అటూ ఇటూ తిప్పి చూసి "ఇది పాడతాదా అబ్బీ?" అని ఒక నవ్వు నవ్వి, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, ఒక పిన్నుకూ ఇంకో పిన్నుకూ అంటకుండా నలభై కూడా చకచకా పెట్టేశాడు.

ఆయన చేసిన రెండో సాయమే ఎక్కువ. నా ఆంప్లిఫయర్ కూడా అక్కడ కట్టించిందే, టీడీఏ7294 అనే ఆంప్లిఫయర్ చిప్ ఉన్న బోర్డులు రెండు, పెద్ద ట్రాన్స్‌ఫార్మర్. కొత్త డబ్బా తగిలించాక పాట లేనప్పుడు గుయ్‌మని సన్నగా హమ్ వచ్చేది. ఇంతకుముందు బ్లూటూత్ రిసీవర్ రొదలో అది కలిసిపోయి ఉండాలి. కొత్తగా కొన్న డబ్బాదే తప్పని నేను ఫిక్సయిపోయాను గానీ, ఆయన మూత తీసి, ట్రాన్స్‌ఫార్మర్ బోల్టు వదులు చేసి, పాట ఆపి, స్పీకర్‌కి చెవి ఆనించి ట్రాన్స్‌ఫార్మర్‌ను మెల్లగా తిప్పుతూ పోయాడు. ఒక చోట హమ్ సగానికి పడిపోయింది, అక్కడే బిగించేశాడు. ఇన్‌పుట్ దగ్గరున్న మామూలు వైరు పీకేసి షీల్డ్ వైరు వేసి, ఎర్త్ ఒకే పాయింట్ దగ్గర కలిపాడు. రెండు వందలు తీసుకున్నాడు. ఆన్‌లైన్‌లో వేలకు వేలు పోసి కొనే "ఆడియోఫైల్" యూఎస్‌బీ కేబుళ్లు నా దృష్టిలో ఆ రెండు వందల కాలి గోటికి చాలవు.

కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడిచినప్పుడు మాత్రం జుయ్యిమనే మోత మళ్లీ మొదలు. మా ఇంట్లోది పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్, దాంతో ఫ్యాను కూడా మూలుగుతుంది, దానికి ఈ డబ్బా ఏం చేస్తుంది పాపం. ఆంప్లిఫయర్ పెట్టుకునే ఆలోచన ఉంటే ఇన్వర్టర్ కొనేటప్పుడే ప్యూర్ సైన్ వేవ్ చూసుకోండి.

ఇక గది. మన కడప ఇళ్ల సంగతి తెలిసిందే: కింద ఎర్రగుంట్ల బండలు, పైన ఆర్‌సీసీ శ్లాబు, చుట్టూ సున్నం కొట్టిన గోడలు, ఎండకు భయపడి చిన్న కిటికీలు. హాల్లో నిలబడి ఒక్క చప్పట్టు కొట్టి చూడండి, టింగ్‌మని వెనక్కొస్తుంది. ఆ ప్రతిధ్వని మీద ఏ చిప్ పెట్టినా మాటలు అలుక్కుపోతాయి. నేను చేసింది చాలా తక్కువ: స్పీకర్లను గోడ గూట్లోంచి తీసి గోడకు అడుగున్నర ముందుకు స్టూళ్ల మీద పెట్టా, నేను కూర్చునే చోటుకు, రెండు స్పీకర్లకు మధ్య దూరం ఇంచుమించు సమానంగా చూసుకున్నా, ముందు బండల మీద మందపాటి జంపఖానా, వెనక గోడకు బరువైన కర్టెన్. గూట్లో ఉన్నప్పుడు బేస్ అంతా ఒకే నోటు మీద బుమ్‌బుమ్ అనేది, ఇప్పుడు మృదంగంలో ఎడమ చెయ్యి వేరు, కుడి చెయ్యి వేరు అని తెలుస్తోంది. బ్లూటూత్ మానేసినందుకు వచ్చిన తేడా కంటే ఇది ఎక్కువ. నిజానికి చాలా ఎక్కువ. (స్టూళ్లు హాలు మధ్యకొచ్చాయని ఇంట్లో ఇప్పటికీ సణుగుడే, అది వేరే సంగతి.)

హై-రెస్ (సీడీని మించిన నాణ్యత గల ఫైళ్లు) గురించి కూడా ఒక మాట, చాలామంది అడుగుతున్నారు కాబట్టి. ఆపిల్ మ్యూజిక్ వాళ్ల లెక్కే చూసినా మూడు నిమిషాల పాట మామూలు క్వాలిటీలో 6 ఎంబీ, లాస్‌లెస్‌లో (నాణ్యత పోకుండా కుదించిన దాంట్లో) 36, హై-రెస్‌లో 145 ఎంబీ. ఐఫోన్ స్క్రీన్ మీద హై-రెస్ అని చూపించినా ఎయిర్‌ప్లేలో (ఐఫోన్ నుంచి వైఫై మీద పాట పంపే పద్ధతిలో) ఈ డబ్బాకు చేరేది సీడీ నాణ్యత దాటదు, కాబట్టి ఆ 145 ఎంబీ దండగ. పైగా మే నెలలో 43 డిగ్రీల ఎండలో పక్కనే కూలర్ గుర్రుమంటుంటే 24 బిట్‌లోని నిశ్శబ్దం ఎవరికి వినపడుతుంది? పాత ఘంటసాల పాటలు ఎక్కువగా మోనో రికార్డింగులు, వాటికి ఎంత పెద్ద ఫైలు తెచ్చినా అప్పుడు మైకులోకి ఎక్కిన దాని కంటే ఎక్కువ రాదు. లాస్‌లెస్ ఉంటే పెట్టుకోండి, హై-రెస్ కోసం మాత్రం ఒక్క రూపాయి కూడా అదనంగా కట్టొద్దు.

నచ్చనివి లేకపోలేదు. స్పాటిఫై కనెక్ట్ లాంటి సదుపాయం అన్ని యాప్‌లకూ లేదు, ఆండ్రాయిడ్ ఫోన్లో వేరే యాప్ వాడేవాళ్లు చివరికి మళ్లీ బ్లూటూత్ దారే పట్టాల్సి రావచ్చు, అప్పుడు ఈ ఖర్చుకు అర్థం ఉండదు. అందుకని కొనేముందే మీ యాప్ సంగతి తేల్చుకోండి. జీరో 2 డబ్ల్యూకి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై ఒక్కటే ఉంది, అపార్ట్‌మెంట్లలో పక్కిళ్ల రూటర్లన్నీ అదే బ్యాండ్‌లో తన్నుకుంటుంటే పాట నత్తినత్తిగా వస్తుంది. స్పీడ్ చాలక కాదు, లాస్‌లెస్‌కి సెకనుకు ఒక మెగాబిట్ అటూ ఇటూ సరిపోతుంది. రూటర్ సెట్టింగ్స్‌లో చానల్ 1, 6, 11లో ఏది ఖాళీగా ఉంటే దానికి మార్చండి, టీవీ వెనక దాచిన రూటర్‌ను బయటికి తీయండి. అప్పటికీ కుదరకపోతే లాన్ పోర్టున్న రాస్ప్‌బెర్రీ పై 4 తీసుకోవడం మేలు.

అడాప్టరు దగ్గర పిసినారితనం వద్దు, 5 వోల్టులు 2.5 ఆంపియర్లది కావాలి, పాత ఫోన్ చార్జర్ పెడితే వోల్టేజీ పడిపోయి డబ్బా తనంతట తనే రీస్టార్ట్ అవుతుంది. కరెంటు ఉన్నట్టుండి పోతే మెమరీ కార్డు పాడయ్యే అవకాశం కూడా ఉంది, అంతా సెట్ చేసుకున్నాక కార్డు మొత్తాన్ని కంప్యూటర్‌లోకి ఒక కాపీ తీసి పెట్టుకోండి. సోల్డరింగ్ చేసిపెట్టే మనిషి దగ్గర్లో లేకపోతే పిన్నులు బిగించి వచ్చే డబ్ల్యూహెచ్ మోడలే అడిగి తీసుకోండి, ధర కాస్త ఎక్కువైనా.