ఇంప్లాంట్ పన్నుతో ఐదేళ్లు: పెట్టించుకునేవాళ్లకు నా అనుభవం

కింది దవడలో పెద్ద పన్ను పిప్పి పట్టి తీయించేశాక, ఆ చోట ఇంప్లాంట్ పెట్టించుకున్నాను, అంటే దవడ ఎముకలో స్క్రూ దింపి దానిమీద బిగించే కృత్రిమ పన్ను. ఐదేళ్లు దాటింది. మటన్, జొన్నరొట్టె, వేయించిన పల్లీలు అన్నీ ఆ పక్కనే నములుతున్నాను. బ్రిడ్జి (పక్క పళ్ల ఆసరాతో బిగించే కట్టుడు పన్ను) అయితే తొందరగా అయిపోయేది, ఖర్చూ తగ్గేది. కానీ దానికోసం అటూ ఇటూ ఉన్న మంచి పళ్లను అరగదీయాలి. నాకది ఇష్టం లేకపోయింది.

అందరికీ టెన్షన్ ఆపరేషన్ గురించే. మత్తు ఇంజెక్షన్ ఇచ్చాక డ్రిల్లు అదురు దవడంతా తెలిసింది గానీ నొప్పి లేదు. తర్వాత కొన్నాళ్లు బుగ్గ వాపు, ఐస్, పెరుగన్నం. అంతే.

ఓపిక కావాల్సింది ఆ తర్వాతే. టైటానియం స్క్రూకి ఎముక అతుక్కోవాలి. కింది దవడకు మామూలుగా 3 నెలలు పడుతుంది. పై దవడ ఎముక మెత్తన కాబట్టి 4 నుంచి 6 నెలలు ఆగమంటారు. ఎముక చాలక గ్రాఫ్ట్ వేస్తే, అంటే ఆ చోట ఎముక పెరిగేలా ఎముక లాంటి పదార్థం నింపితే, ఇంకా ఆలస్యం. ఒక్కరోజులో పళ్లు అని బోర్డు పెట్టినచోట కూడా ఆ రోజు బిగించేది చాలావరకు తాత్కాలిక పళ్లే.

నేను మొదట అడిగిన క్లినిక్‌లో స్క్రూ రేటొక్కటే చెప్పారు. అబట్‌మెంట్ (స్క్రూకీ పైపన్నుకీ మధ్య బిగించే ముక్క), క్యాప్ (పైన కనిపించే పన్ను), సీబీసీటీ స్కాన్ (దవడకు తీసే 3డి ఎక్స్‌రే) కలిపేసరికి లెక్క ఎక్కడికో పోయింది. మొత్తం ఎంతవుతుందో కాగితం మీద రాయించుకోండి. కంపెనీ పేరు, సైజు, లాట్ నంబరు ఉన్న కార్డు కూడా అడిగి తీసుకోండి. మొన్నామధ్య నా క్యాప్ కాస్త కదిలింది, లోపలి చిన్న స్క్రూ వదులైంది. అప్పటికి ఊరు మారాను. కొత్త డాక్టరు ఆ కార్డు చూసే, దానికి సరిపోయే స్క్రూడ్రైవర్ తెప్పించి బిగించారు.

అసలు పన్నుకూ ఎముకకూ మధ్య సన్నని పొర ఉంటుంది. కొరికినప్పుడు ఒత్తిడి తెలిసేది ఎక్కువగా దానివల్లే. ఇంప్లాంట్‌కు అది ఉండదు. అన్నంలో రాయి పడితే మిగతా పళ్లకు తెలిసినంత చురుగ్గా దీనికి తెలియదు. పైగా క్యాప్ చిగురు దగ్గర సన్నబడుతుంది కాబట్టి తోటకూర పీచు, మటన్ నార ఇరుక్కుంటాయి. రోజూ రాత్రి ఇంటర్‌డెంటల్ బ్రష్ (పళ్ల సందుల్లో తోమే సన్నని బ్రష్) పెట్టాల్సిందే. దీనికి పిప్పి పట్టదు, నిజమే. కానీ చుట్టూ చిగురు చెడితే లోపల ఎముక కరుగుతుంది, చాలామందికి నొప్పి కూడా తెలియదు. తోముకునేటప్పుడు రక్తం కనిపిస్తే వెంటనే చూపించుకోండి.

సిగరెట్ అలవాటున్నా, షుగర్ అదుపులో లేకున్నా డాక్టరు దగ్గర దాచకండి. ఇంప్లాంట్ నిలవకపోయే ముప్పు వాళ్లకే ఎక్కువ. మా పెదనాన్నకు షుగర్ దారికొచ్చేదాకా స్క్రూ వేయనన్నారు మా డాక్టరు. డబ్బులిస్తామన్నా ఆగమని చెప్పగలిగిన డాక్టరు దగ్గరే చేయించుకోండి.