యార్క్‌లో నాలుగింటి టీ

ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు, ఒక రాత్రి యార్క్‌లో ఉందామని ముగ్గురం రైలెక్కాం. అరగంటలో దిగిపోయాం. బస గురించి ఒక్క మాట. గది శుభ్రంగానే ఉంది కానీ మూడో అంతస్తు, లిఫ్టు లేదు, ఆ సంగతి బుకింగ్‌లో రాయలేదు. మా ఆవిడకి మోకాళ్ల నొప్పి. అక్కడి పాత ఇళ్లలో దిగేవాళ్లు లిఫ్టు ఉందో లేదో ముందే అడగండి.

నేను చెప్పాలనుకున్నది ఆఫ్టర్‌నూన్ టీ గురించి, అంటే టీతో పాటు శాండ్‌విచ్‌లు, కేకులు పెట్టే ఫలహారం. సెయింట్ హెలెన్స్ స్క్వేర్‌లో బెట్టీస్ అనే టీ రూమ్ ఉంది. స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన ఫ్రెడరిక్ బెల్మాంట్ 1919లో హారోగేట్‌లో మొదటిది తెరిచాడు. 1936లో క్వీన్ మేరీ ఓడ తొలి ప్రయాణంలో వెళ్లి, దాని అలంకరణ నచ్చి, యార్క్ టీ రూమ్‌ని అదే తీరులో చేయించాడు. బయట క్యూలో నలభై నిమిషాలు నిలబడ్డాం. మధ్యాహ్నం భోజనం మానేసి వెళ్లడం మంచిదైంది.

మూడంతస్తుల స్టాండు వచ్చింది. కింద అంచులు తీసేసిన చిన్న శాండ్‌విచ్‌లు, మధ్యలో స్కోన్‌లు (బన్ను లాంటి చిన్న గుండ్రటి రొట్టెలు), పైన కేకులు. కింది నుంచి పైకి తింటూ పోవాలి. శాకాహారం అని ముందే చెప్పాం కాబట్టి చేప, మాంసం లేనివి ఇచ్చారు. అయితే అక్కడ వెజిటేరియన్ అంటే గుడ్డు ఉండొచ్చు. గుడ్డు తినని వాళ్లు విడిగా అడగాలి.

స్కోన్‌ని చేత్తో రెండుగా విడదీసి జామ్, క్లాటెడ్ క్రీమ్ రాసుకోవాలి. ముందు క్రీమా, జామా అన్నది ఇంగ్లండ్ నైరుతిలో పక్కపక్కనే ఉన్న డెవన్, కార్న్‌వాల్ ప్రాంతాల వాళ్ల మధ్య పాత పేచీ. డెవన్‌లో క్రీమ్ ముందు, కార్న్‌వాల్‌లో జామ్ ముందు. ఆ క్రీమ్ నోట్లో పెట్టుకోగానే మా అమ్మ సన్నసెగ మీద కాచిన పాల మీగడ గుర్తొచ్చింది. చేసే పద్ధతీ దగ్గరదే, నెమ్మదిగా వేడి చేసి పైన కట్టిన మీగడ తీయడమే.

టీ మాత్రం మనది కాదు. పాలతో మరిగించిన చాయ్ అలవాటైన నాలుకకి మొదటి కప్పు పల్చగా తోచింది. ఆకు టీపాట్‌లో నానుతుంటే రెండో కప్పు చిక్కబడింది, అప్పుడు చల్లటి పాలు కలుపుకుంటే రుచి తెలిసింది. మరీ చిక్కనైతే పోసుకోవడానికి పక్కనే వేడినీళ్లు పెట్టారు. మేం గంటన్నర కూర్చున్నా ఎవరూ తొందరపెట్టలేదు. ఖర్చు ఎక్కువే, కానీ దీనికి పెట్టిన డబ్బుకి నాకు బాధ లేదు.

మన దగ్గర మీటింగుల్లో సమోసా, బిస్కెట్లు పెట్టి 'హై టీ' అంటారు. అక్కడ హై టీ అంటే పనివాళ్లు సాయంత్రం ఇంటికొచ్చి కడుపునిండా తినే భోజనం. మేం తిన్నది ఆఫ్టర్‌నూన్ టీ.

వచ్చేముందు బెట్టీస్ కింది అంతస్తుకి వెళ్లి అక్కడున్న అద్దం చూడండి. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ చుట్టుపక్కల స్థావరాల్లో ఉన్న విమాన సైనికులు వజ్రపు పెన్నుతో దాని మీద పేర్లు చెక్కారు. వందల పేర్లు. వాళ్లలో చాలామంది కెనడా కుర్రాళ్లట. మా ఆవిడ మెట్లు దిగలేక పైనే ఆగింది. నేనూ అమ్మాయీ కొన్ని పేర్లు చదివి, పైకొచ్చి ఆమెకి చెప్పాం.