విజయనగరంలో పాట ఎక్కడ వినాలి: పన్నెండేళ్లు తిరిగినోడి మాట

మా ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడొకడు, జేఎన్‌టీయూ గురజాడలో ఇంజినీరింగ్ చేసినోడే, మొన్న టీ దగ్గర "అన్నా, నాలుగేళ్లున్నాను ఈ ఊళ్లో, ఒక్క లైవ్ మ్యూజిక్ ప్లేస్ కూడా లేదేటి" అన్నాడు. ముందు నవ్వొచ్చింది, తర్వాత కొంచెం కోపమూ వచ్చింది గానీ ఆడి తప్పేం లేదులెండి, ఆడు వెతికింది వైజాగ్‌లో లాగ కాఫీ తాగుతూ గిటార్ వినే కేఫ్ కోసం, అది ఇక్కడ నాకూ దొరకలేదు. ఈ ఊళ్లో పాట వినాలంటే గూగుల్ మ్యాప్ కాదు, గోడ మీదున్న తిథుల క్యాలెండర్ చూసుకోవాలి.

నాది శ్రీకాకుళం పక్క పల్లెటూరు. 2012లో ఉద్యోగానికని వచ్చి ఇక్కడే ఉండిపోయాను. సంగీతం రాదు నాకు, పది రాగాలు వినిపిస్తే మూడు పేర్లు చెప్తాను, అందులో ఒకటి తప్పు. అయినా కచేరీ ఉందంటే మాత్రం వెళ్లిపోతాను.

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది మహారాజా సంగీత కళాశాల. 1919లో పెట్టారు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్, తర్వాత 1936లో వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. ఘంటసాల ఇక్కడే చదువుకున్నారు, ఇంటింటికీ మధూకరానికి వెళ్లి తిని మరీ చదువుకున్నారు. సుశీలమ్మ కూడా ఇక్కడి విద్యార్థే. ఇదంతా ఊళ్లో ఎవర్నడిగినా చెప్తారు, నేను చెప్పేది వేరే. సాయంత్రం పూట క్లాసులు నడుస్తున్నప్పుడు ఆ గోడ పక్కన బండి ఆపి ఒక పది నిమిషాలు నిలబడండి. ఒక గదిలో చిన్న పిల్లలు మాయామాళవగౌళ రాగంలో సరళీ వరసలు, పక్క గదిలో వయొలిన్ అదే వరస ఇంకో శ్రుతిలో, ఆ వెనక ఎక్కడో మృదంగం మీద తద్ధితొన్నం తద్ధితొన్నం అని ఒకడు ఒకే ముక్క నలభై సార్లు వాయిస్తుంటాడు, ఇవన్నీ కలిసిపోయి రోడ్డు మీద ఆటోల హారన్లతో పాటు వినిపిస్తాయి. మొదట్లో గోల అనిపించింది. ఇప్పుడు ఏ గదిలో ఎవరు తప్పు పోయారో కూడా తెలుస్తోంది. టికెట్ లేదు, స్పీచ్ లేదు, మైకు లేదు. నా లెక్కలో ఊళ్లో బెస్ట్ సౌండ్ అదే.

హాళ్ల సంగతికొస్తే ఆనంద గజపతి ఆడిటోరియం ఉంది, గురజాడ కళాభారతి ఉంది, ఇంకా ఫంక్షన్ హాళ్లలో సభలు జరుగుతుంటాయి. హాలు ఏదైనా గానీ అసలు విద్వాంసుడు మైకు సెట్ వాడే అని నాకు చాలా ఆలస్యంగా అర్థమయింది. ఒకచోట (పేరెందుకులెండి) కార్డులో సాయంత్రం ఆరు అని వేశారు, ముఖ్య అతిథి ఏడూ నలభైకి వచ్చారు, దీపం, జ్ఞాపిక, శాలువాలు, ఒకాయనైతే సంగీతం గొప్పతనం మీద ఇరవై నిమిషాలు మాట్లాడాడు, ఆ సంగీతం పాడాల్సినావిడ వెనక్కాల కుర్చీలో కూర్చుని తంబురా పెట్టె ఒళ్లో పెట్టుకుని వింటోంది. తీరా మొదలెట్టాక మైకు కీమని అరుపు. ముప్పావుగంట పాడారో లేదో, హాల్ టైం అయిపోయిందని ఒకడొచ్చి వెనక నుంచి ఫ్యాన్లు ఒక్కోటీ కట్టేసుకుంటూ వచ్చాడు. మంగళం మేం చెమటల్లో విన్నాం. అప్పట్నుంచి కార్డులో ఉన్న టైంకి గంట కలుపుకుని వెళ్తున్నాను, ఒకే ఒక్కసారి మోసపోయాను, ఆ రోజు వాళ్లు టైంకే మొదలెట్టేశారు.

కూర్చునే చోటు కూడా ముఖ్యమే. ముందు సోఫాల వైపు చూడకండి, అవి మనవి కావు, పైగా పెద్ద బాక్సుల పక్కనుంటాయి. మృదంగం కుడి మూత ఏ వైపుకి తిరిగి ఉందో చూసుకుని ఆ వైపు నాలుగో ఐదో వరసలో కూర్చోండి, మధ్యలో నల్లటి కరణి ఉండే మూత అదే, చాపు దెబ్బ గింగురుమని నేరుగా మనకే వస్తుంది.

పుష్య బహుళ పంచమి, అంటే సంక్రాంతి అటూ ఇటూగా వచ్చే త్యాగరాజ ఆరాధన, ఇది మాత్రం మిస్ కాకండి. పంచరత్నాలు, అంటే త్యాగరాజు ఐదు పెద్ద కీర్తనలు, అందరూ కలిసి పాడతారు. నాట రాగంతో హుషారుగా ఎత్తుకుంటారు, గౌళ, ఆరభి బాగానే నడుస్తాయి, వరాళి వచ్చేసరికి సగం మంది పుస్తకాల్లోకి తలలు దించేస్తారు, గొంతులు పలచబడిపోతాయి, మళ్లీ శ్రీరాగంలో ఎందరో మహానుభావులు అనగానే వెనక వరసలో మాలాంటోళ్లం కూడా కలిపేస్తాం. మా అప్పని ఒకసారి తీసుకెళ్లాను, దానికి సంగీతం అంటే సీరియల్ టైటిల్ సాంగే, "ఇంతమంది ఒకేసారి పాడితే ఎవరిది వినాల్రా" అంది, చివరికి మాత్రం లేవనంది.

ఫిబ్రవరి 11 ఘంటసాల వర్ధంతి. ఊళ్లో ఆ పాటలు పాడేవాళ్లకి కొదవ లేదు, మంచి గొంతులున్నాయి, కానీ ఈమధ్య ఎక్కడ చూసినా కరోకే ట్రాకులే. పెన్‌డ్రైవ్ పెడతాడు, పాడతాడు, దిగిపోతాడు. దాన్ని లైవ్ అనడానికి నాకు మనసొప్పదు. తబలా, హార్మోనియం ఇద్దరున్నా చాలు, ఆ సభకి వెళ్తాను. శ్రీరామనవమి పందిళ్లలో హరికథ కూడా తగ్గిపోయింది. దొరికిన చోట మాత్రం చిడతలు పట్టుకుని గజ్జె కట్టిన దాసు గారు కథ ఆపి మధ్యలో ఒక పిట్టకథ చెప్పి జనాన్ని నవ్వించి మళ్లీ అదే శ్రుతిలో పట్టుకుంటారు చూడండి, అది చూడాలి.

ఇక పైడితల్లమ్మ పండగ. దసరా అయ్యాక వచ్చే మంగళవారం సిరిమాను (పొడవాటి మాను చివర పూజారిని కూర్చోబెట్టి ఊరేగిస్తారు), ముందురోజు రాత్రి తోలేళ్లు. ఆ రోజుల్లోనే ఉత్సవాలని చెప్పి మైదానంలో పెద్ద స్టేజీ వేసి సినిమా సింగర్లని తెస్తారు, దాని దగ్గర నాకు తోపులాట, దుమ్ము తప్ప ఏమీ గుర్తులేదు. నేను వెళ్లేది మూడు లాంతర్ల జంక్షన్ వైపు. గుండెల మీద రేకు తప్పెట్లు కట్టుకుని, కాళ్లకి గజ్జెలతో తప్పెటగుళ్ల వాళ్లొస్తారు, రెండు చేతుల్తో ఆ రేకు మీద కొడుతూనే ఎగురుతారు, పాడతారు. పక్కన నిలబడితే మన ఛాతీలో కూడా అదురుతుంది. ఒక ముసలాయన ఆట ఆపి ఆయాసపడుతుంటే నీళ్ల బాటిల్ ఇచ్చాను, తాగి "ఏటి బాబూ వీడియోలు తీత్తన్నావా, తియ్యి, గాని ఇను కూడా" అన్నాడు. ఫోన్ జేబులో పెట్టేశాను.

వీలుంటే ఒక ఆదివారం బొబ్బిలి పక్కన గొల్లపల్లి వెళ్లండి, వీణలు చేసే ఊరు. పనస మాను దుంగని తొలిచి చేస్తారు. నేను వెళ్లిన రోజు ఒకాయన నల్లటి మైనంలో మెట్లు అమరుస్తున్నాడు, మొత్తం ఇరవై నాలుగు, ఒక మెట్టు పెట్టడం, తీగ మీటడం, తల అడ్డంగా ఊపడం, వెంట్రుక వాసి జరపడం, మళ్లీ మీటడం. గంట సేపు కూర్చున్నాను. ఒక్క పాటా వాయించలేదు ఆయన, అయినా నేను విన్న మంచి కచేరీల్లో దాన్నీ లెక్కేసుకుంటాను.

శ్రీకాకుళం నుంచి వచ్చేవాళ్లకి ఒక మాట, రాత్రి తొమ్మిదిన్నర దాటాక బస్సులు పలచబడతాయి, కాబట్టి ఆర్టీసీ కాంప్లెక్స్‌కి, అదే బస్టాండుకి, ఎలా వెళ్తారో ముందే చూసుకోండి. కానీ తని ఆవర్తనం, అంటే మృదంగం ఒక్కటే వాయించే ఘట్టం, మధ్యలో మాత్రం లేచిపోకండి దయచేసి, మృదంగం ఆయన పొద్దున్నుంచీ దానికోసమే ఉంటాడు. ఒకసారి నాకు బస్సు ఎలాగూ పోయింది కదా అని స్టేజీ దగ్గరే నిలబడ్డాను, ఆయన ఎడమ మూతకి అంటించిన రవ్వ ముద్దని గోరుతో గీకి న్యూస్‌పేపర్ ముక్కలో వేస్తూ, "ఎక్కడి దాకా వెళ్లాలి నాయనా?" అని అడిగి, తన ఆటోలోనే కాంప్లెక్స్ దాకా దింపాడు.