పిస్తోలుకు రెడ్ డాట్ బిగించుకోబోయే హైదరాబాద్ లైసెన్సుదారులకు హెచ్చరిక

రెడ్ డాట్ (గురి కోసం చిన్న అద్దంలో ఎర్ర చుక్కను చూపే సైటు) బిగించగలిగేది నగరంలో తామొక్కరమేనని చెప్పుకునే దుకాణం ఏదో లైసెన్సుదారులకు విడిగా చెప్పనక్కరలేదు. చత్వారం వచ్చి, గురి చూసే వెనక సైటు మసకగా కనిపిస్తున్నందున, ఆత్మరక్షణకు ఉంచుకున్న నా .32 పిస్తోలుకు అక్కడే రెడ్ డాట్ పెట్టించాను. అసలు తుపాకుల కోసమే తయారైందని, ఎంత కాల్చినా కదలదని యజమాని హామీ ఇచ్చాడు.

రేంజిలో మొదటి మ్యాగజైను అయ్యేసరికే చుక్కకూ గుండుకూ పొంతన తప్పింది. రెండో మ్యాగజైనులో సైటు, దాన్ని పిస్తోలుకు కలిపే ప్లేటుతో సహా ఊడి, నా చెవి పక్కనుంచి వెనక్కి ఎగిరిపడింది. స్లైడు (పిస్తోలు పైన ముందుకూ వెనక్కీ కదిలే భాగం) మీది సైటు ప్రతి గుండుకూ దానితోపాటే వెనక్కి దూసుకెళ్లి, టక్కున ఆగి, మళ్లీ ముందుకు వస్తుంది కనుక, ఆ కుదుపును తట్టుకునే సైటునే ఎంచుకుని, స్క్రూలకు, అవి వదులు కాకుండా పట్టి ఉంచే ద్రవమైన థ్రెడ్‌లాకర్ రాసి, నిర్ణీత బలంతోనే బిగించే టార్క్ డ్రైవరుతో బిగించాలి. ఊడిన ప్లేటులో ఒక స్క్రూకు మరలే పట్టలేదు. ఆ రంధ్రంలో ఎండిన జిగురు ఉంది. సైటు అడుగున అంటించిన స్టిక్కరును గోటితో గీకితే, దాని కింద 'ఎయిర్‌సాఫ్ట్‌కు మాత్రమే' అని అచ్చయి ఉంది, అంటే ప్లాస్టిక్ గుళ్లు కాల్చే ఆట తుపాకులకన్నమాట.

దాన్ని గల్లాపెట్టె మీద పెట్టి అడిగితే ఆ పెద్దమనిషి, చాయ్ కప్పు కూడా దించకుండా, "లైసెన్సు పిస్తోలు ఉన్నోళ్లు ఎంతమంది కాలుస్తరు సార్? నడుముకు పెట్టుకుని తిరుగుతరు. మీరు నిజంగనే కాలుస్తరని నాకేం ఎరుక?" అన్నాడు. పక్కనున్న కుర్రాడు నవ్వాడు. స్లైడు గాడిలోంచి సుత్తితో కొట్టి తీసిన నా పాత వెనక సైటునైనా ఇమ్మంటే, "అది ఎవరు దాస్తరు సార్, చెత్తల పోయింటది" అన్నాడు. ఇప్పుడు నా పిస్తోలుకు ముందు సైటు మాత్రమే మిగిలింది. దొంగ వస్తే, కాస్త ఎదురుగా నిలబడమని బతిమాలుకోవాలి కాబోలు.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను కానీ, బిల్లులో 'సర్వీసింగ్' అని తప్ప సైటు పేరే లేదు. మీరు వెళ్తే మోడల్ పేరు బిల్లులో రాయించుకోండి, తీసిన పాత భాగాలను అక్కడికక్కడే చేతికి తీసుకోండి. తుపాకుల మరమ్మతుకు 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు తప్పనిసరి కనుక, స్లైడు మీద చెయ్యి వేయనిచ్చే ముందు దాన్ని కూడా చూపించమనండి.