మగపిల్లల పేర్ల యాప్: అక్షరానికి అక్కరకొస్తుంది, అర్థానికి కాదు

మా తమ్ముడి మనవడి బాలసార దగ్గర పడినప్పుడు, ఇంట్లో అందరూ తలో పేరు చెబుతున్న సందడిలో, ఫోనులో ఉచితంగా దొరికే ఒక మగపిల్లల పేర్ల యాప్‌ను శ్రద్ధగా పరిశీలించే అవకాశం వచ్చింది. ప్రతి పేరుకూ అర్థం, మూలభాష, జన్మనక్షత్రం ఇస్తామని దాని మొదటి పుటలోనే రాసి ఉంది.

వీటిలో నక్షత్ర విభాగం బాగుంది. అశ్వినికి చూ, చే, చో, లా. రోహిణికి ఓ, వా, వీ, వూ. ఇలా పాదాలవారీగా అక్షరాలు పంచాంగంలో ఉన్నట్టే ఉన్నాయి. ఆర్ద్ర మూడో పాదం నొక్కితే మాత్రం ‘ఙ’ అని చూపించి, కింద ఒక్క పేరూ లేకుండా ఖాళీ తెర వస్తుంది. ఙతో పేరు ఎవరూ పెట్టలేరు కాబట్టి అలాంటి చోట పురోహితులు అదే నక్షత్రంలోని మరో అక్షరం సూచిస్తారు, లేదా జన్మనామం వేరుగా, పిలిచే పేరు వేరుగా పెట్టుకోమంటారు. ఆ మాట ఒక్క వాక్యంలో చెప్పి ఉంటే సరిపోయేది.

అర్థాల దగ్గరకు వచ్చేసరికి నమ్మకం సడలుతుంది. గాంగేయుడు గంగ కొడుకని, సౌమిత్రి సుమిత్ర కొడుకని సరిగానే రాశారు. కానీ చాలాచోట్ల ఆ పేరుగల పురాణపురుషుడి గుణాన్నే పేరుకు అర్థంగా అతికించారు. అర్జునుడంటే ‘గొప్ప విలుకాడు’ అట, కర్ణుడంటే ‘దానశీలి’ అట. అర్జున శబ్దానికి తెల్లనిది అని అర్థం; మద్దిచెట్టుకూ అదే పేరు కనుకనే బాలకృష్ణుడు రెండు మద్దిచెట్లను కూల్చిన కథను యమళార్జున భంజనం అంటాం. కర్ణమంటే చెవి అని బడిపిల్లలకూ తెలుసు.

మూలభాష గడిలో దాదాపు అన్నిటికీ ‘సంస్కృతం’ అని ముద్ర వేశారు. కియాన్ పారసీక రాజవంశానికి సంబంధించిన పేరు. రేహాన్ అరబ్బీలో సువాసన గల మొక్క. రెండూ చక్కని పేర్లే, వాటి పుట్టుక దాచవలసిన పనిలేదు. రేయాంశ్ అంటే ‘సూర్యకిరణపు అంశ’ అన్న వివరణ చూసి మా పెద్దమ్మ నవ్వింది, ఎందుకంటే ఆమెకు తెలిసిన రేయి రాత్రే.

అసలు లోటు వేరే ఉంది. మూలం తెలుగునేలలోనే ఉన్న పేర్లు ఇందులో కనిపించవు. సింహాచలం అప్పన్న పేరిట ఉత్తరాంధ్రలో అప్పన్నలు, అప్పలనాయుళ్ళు, యాదగిరిగుట్ట నరసింహస్వామి పేరిట తెలంగాణలో యాదగిరులు, యాదయ్యలు, కొమురవెల్లి మల్లన్న తలపుతో కొమురయ్యలు ఎందరున్నారో లెక్కలేదు. అనంతపురం జిల్లా గూగూడు కుళ్ళాయిస్వామికి మొక్కుకున్న హిందూ కుటుంబాల్లో కుళ్ళాయప్ప ఉంటాడు. నెల్లూరు వైపు దర్గాకు మొక్కుకున్నవారి ఇళ్ళలో మస్తానయ్య ఉంటాడు. పుట్టిన బిడ్డలు దక్కని తల్లులు, ఈసారి పుట్టినవాణ్ణి ఎంగిలి విస్తరాకులో దొర్లించి పుల్లయ్య అని, పెంటకుప్ప మీద పడుకోబెట్టి పెంటయ్య అని పిలిచేవారు. విలువలేని పేరు పెడితే మృత్యువు కన్ను పడదని వారి ఆశ. ఈ పేర్లు ఇవాళ ఎవరూ పెట్టకపోవచ్చు. అయినా మూలాలు చెబుతామన్న యాప్ తాతముత్తాతల పేర్లను పక్కనపెట్టి, నిన్నమొన్న పుట్టిన ‘ఆన్’ కారాంత పేర్లతో పుటలు నింపడం నాకు నచ్చలేదు.

నాలుగు పేర్లకొక ప్రకటన అడ్డం వస్తుంది. డబ్బు కడితే ప్రకటనలు పోయి, సంఖ్యాశాస్త్రం ప్రకారం ఆంగ్ల అక్షరక్రమం మార్చే సదుపాయం కలుస్తుంది. అది వాడి జనన ధ్రువపత్రంలో పేరుకు అదనంగా ఒక ‘ఏ’ చేర్పిస్తే, రేపు బడిలో, ఆధార్‌లో, పాస్‌పోర్టులో అదే అక్షరం కోసం తిరగవలసి వస్తుంది. జననాల నమోదు నిబంధనల ప్రకారం, పేరు లేకుండా నమోదైన బిడ్డకు 12 నెలల లోపు రుసుము లేకుండా పేరు చేర్పించవచ్చు కనుక, ఇందులో కనిపించిన పేరును ఆంధ్రభారతి వెబ్‌సైటులోని నిఘంటు శోధనలో ఒకసారి వెతికి చూసుకునేంత వ్యవధి తల్లిదండ్రులకు ఉంటుంది. ఉచిత యాప్ చాలు, అదీ అక్షరాల పట్టిక వరకే. అయిదు నక్షత్రాలకు రెండు ఇస్తాను.