కాన్జా ప్రేరీ: ఏప్రిల్‌లో నలుపు, జూలైలో పచ్చన

అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో ఉన్న ఫ్లింట్ హిల్స్ గడ్డి కొండలకు నేను ఒకే ఏడాది రెండుసార్లు వెళ్లాను. రెండో ప్రయాణం లేకపోతే మొదటిసారి చూసినదాంట్లో సగం కూడా నాకు అర్థమయ్యేది కాదు.

ఏప్రిల్ మధ్యలో అక్కడి కాన్జా ప్రేరీ అనే పరిశోధన గడ్డిమైదానానికి వెళ్లేసరికి, ఏటా వసంతంలో ప్రణాళిక ప్రకారం తగలబెట్టే భాగాలు నల్లగా ఉన్నాయి. ఆ నల్లని నేల ఎండనంతా పీల్చుకుంటోంది, కానీ నీటిని ఆవిరి చేయడానికి దానిపై ఆకులు లేవు. అందువల్ల ఆ శక్తి గాలినీ నేలనూ వేడెక్కించడానికే పోతోంది. బూటు అడుగు నుంచి వేడి తగిలింది, గట్టు మీద గాలి అలలు అలలుగా కదిలింది.

జూలైలో అదే గట్టు మీద బిగ్ బ్లూస్టెమ్ గడ్డి నడుము దాకా పెరిగింది. ఎండ ఇంకా తీవ్రంగానే ఉంది, అయినా దారి పక్క దుబ్బు మొదట్లోకి చేయి పెడితే చల్లగా, చెమ్మగా తగిలింది. ఒక్క గ్రాము నీరు ఆకుల పత్రరంధ్రాల గుండా ఆవిరి కావడానికి సుమారు 2,400 జౌళ్ల శక్తి కావాలి, కాబట్టి వేర్లకు నీరు అందినంతకాలం ఎండలో పెద్ద వాటా ఆ పనికే ఖర్చవుతుంది. కాన్జానూ దాని చుట్టుపక్కలనూ కలుపుకున్న 15 కిలోమీటర్ల చదరంలో నాసా 1987, 1989లలో ఫైఫ్ అనే క్షేత్ర ప్రయోగం జరిపి, ఈ మార్పులను నేల మీది పరికరాలతో, విమానాలతో, ఉపగ్రహాలతో కొలిచింది.

సందర్శకులకు కాలిబాటలు తెరిచి ఉంటాయి, పరిశోధన క్షేత్రాల్లోకి మాత్రం ప్రవేశం లేదు, అది సబబే. గట్టు మీద నీడ దాదాపు ఉండదు కనుక జూలైలో తెల్లవారుజామునే బయలుదేరడం తప్పనిసరి. లోపల బస దొరకదు. దగ్గరి మాన్‌హాటన్ పట్టణంలో (న్యూయార్క్‌లోది కాదు) నేను దిగిన చోట గది శుభ్రంగానే ఉంది, కానీ బయటి తలుపు తాళం తీసేవారు ఉదయం ఏడింటికి గాని రాకపోవడంతో ఒక పూట వృథా అయింది. దక్షిణాన ఉన్న టాల్‌గ్రాస్ ప్రేరీ జాతీయ సంరక్షణ స్థలంలో అమెరికా అడవిదున్నల (బైసన్) మంద, పాత రాతి ఇల్లు ఉన్నాయి. కుటుంబంతో వెళ్లేవారికి అదే మేలు, గడ్డిని గమనించేవారికి కాన్జాయే.

అక్టోబరులో గడ్డి రాగి రంగుకు తిరిగి, ఆవిరి తగ్గి, ఎండలో పెద్ద వాటా మళ్లీ గాలిని వేడిచేయడానికే మళ్లుతుంది. అప్పుడు మూడోసారి వెళ్లాలని ఉంది. బస మాత్రం వేరే చోట చూసుకుంటాను.